మొదట దిగేవాడు

“దిగు తమ్మీ. ఇంకెంతసేపు సూస్తవ్ దాన్ని?” అన్నాడు ఎల్లన్న.

జగదీశ్వర్ కదల్లేదు.

మ్యాన్‌హోల్ మూత పక్కన పడి ఉంది. లోపల పదిహేను అడుగుల చీకటి. అటువైపు గోదావరిఖని కాలనీ పాత డ్రైనేజీ లైను. ఇటువైపు కొత్తగా వేసిన పైపులు. రెంటినీ కలపాలంటే మనిషి అట్టడుగుదాకా దిగాలి.

జగదీశ్వర్ ఇంతవరకూ ఒక్కసారి కూడా దిగలేదు.

చుట్టూ ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. ఒక్కరూ ముందుకు రావడం లేదు. పొద్దున పదింటికే ఎండ నెత్తి మాడ్చేస్తోంది.

“మూతికి మాస్కు గిట్ల ఏమన్న ఉన్నదా?” అని అడిగాడు.

“మాస్కెందుకు? దస్తీ కట్టుకుంటె సాలదా?” అంది సారవ్వ. తట్టలతో ఇసుక మోస్తుంది. నోరు జాస్తి.

“మరి చేతులకు?”

“సబ్బు పెట్టి కడుక్కుంటె పోతది.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

ఎల్లన్న నవ్వలేదు. ముప్పై ఏళ్లు బొగ్గుబావిలో గ్యాసు చూసే సర్దారుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు ఈ గుంపుకి మేస్త్రీ. మోకు తెచ్చి జగదీశ్వర్ నడుముకీ చంకల కిందా రెండు చుట్లు తిప్పాడు. ముడి వేసి గుంజి చూశాడు. రెండో కొస కూలీల్లో గట్టయ్యకీ ఇంకో ఇద్దరికీ అందించాడు.

“బాయిల ఏంది పద్ధతి? ముందుగాల ఒక్కడు దిగి సూసొస్తడు. ఆడు మంచిగ తిరిగొస్తెనే మిగిలినోళ్లు దిగుతరు. గంతే.”

“నాకు ఇద్దరు చిన్న పిల్లలున్నరన్నా.”

“గట్టయ్యకు ముగ్గురు.”

దిగకపోతే ఈ పని చేజారుతుంది. ఏడాదిపాటు ఎన్ని గుమ్మాలు తొక్కితే దొరికిన పని! వద్దని ఇంటికి పోతే ఈ ఊళ్లో మళ్లీ ఎవరూ పిలిచి ఇవ్వరు.

ప్యాంటు మోకాళ్లదాకా మడిచాడు. దస్తీ ముక్కుకి కట్టుకున్నాడు. కాలు లోపల పెట్టాడు.

ఇనుప మెట్టు తుప్పు పట్టి ఉంది. దాని మీద ఏదో జిగట. రెండో మెట్టు. మూడో మెట్టు. ఎండ తల మీదనుంచి తప్పుకుంది. కింద ఎక్కడో నీళ్లు గుటుక్కుమన్నాయి, ఎవరో మింగినట్టు.

“మాట్లాడుకుంట దిగు,” పైనుంచి ఎల్లన్న కేక. “నేనడిగినప్పుడల్ల జవాబియ్యాలె. ఎన్నో మెట్టు?”

“అ... అయిదు.”

“వాసన?”

“కుళ్లిన కోడిగుడ్ల వాసన. కడుపుల తిప్పుతున్నదన్నా, పైకొస్త.”

“మోరీల మల్లెపూల వాసనొస్తదా మరి?” అంది సారవ్వ.

“నువ్వు ఊకో సారవ్వా,” అని ఎల్లన్న కసిరాడు. “తమ్మీ, ఆడనే ఆగు. కిందికి పోకు.”

జగదీశ్వర్ ఆగాడు. తల ఎత్తి చూశాడు. ఆకాశం పళ్లెమంత ఉంది. పళ్లెం అంచున నల్లటి తలలు. మొహాలు కనిపించడం లేదు. మోకు పట్టుకున్నవాళ్లలో గట్టయ్య ఒకడు. మిగిలిన ఇద్దరి పేర్లు ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు.

వాళ్లు చేతులు వదిలేస్తే?

రెండు చేతులతో మెట్టును కరుచుకున్నాడు. పొద్దున రమ అన్నం పెట్టి ఏదో చెప్పబోయింది. వినకుండానే వచ్చేశాడు. భార్య ఏం చెప్పబోయిందో ఇక ఎప్పటికీ తెలియదేమో.

అంతలో గాలి తేలికైనట్టు అనిపించింది. గట్టిగా పీల్చాడు. మళ్లీ పీల్చాడు. వాసన లేదు. గండం గడిచింది! ఈ మాట చెబితే చాలు, పైకి రమ్మంటారు.

“అన్నా! వాసన పోయింది! అంత సాఫ్!”



“గుంజుండ్రి!” ఎల్లన్న గొంతు చీలిపోయింది. “గుంజుండ్రిరా, జల్ది! జల్ది!”

మోకు చంకల్లో కోసుకుపోయింది. కాళ్లు మెట్ల మీదనుంచి లేచిపోయాయి. మోకాలు గోడకి కొట్టుకుంది. మెట్టు పట్టుకుందామనుకున్నాడు, వేళ్లు తన మాట వినలేదు. పళ్లెం పెద్దదవుతోంది. దాని చుట్టూ చీకటి కూడా పెద్దదవుతోంది.

ఎవరో జబ్బలు పట్టి మట్టిలోకి ఈడ్చారు.

దగ్గాడు. పొద్దున తిన్నదంతా కక్కాడు. సారవ్వ మొహాన నీళ్లు కొట్టి, కొంగుతో గబగబా విసిరింది. “ఊపిరి తీస్కో తమ్మీ, తీస్కో,” అంటున్న ఆవిడ గొంతులో ఇందాకటి ఎకసెక్కెం లేదు. గట్టయ్య అరచేతుల్లో మోకు ఒరుసుకుని నెత్తురు చిమ్మింది.

“వాసన పోలే,” అన్నాడు ఎల్లన్న, రొప్పుతూ. “నీ ముక్కు సచ్చింది. గ్యాసు ఎక్కువుంటె గట్లనే అయితది. ఇంకో నాలుగు మెట్లు దిగితె పాణం పోయేది.”

జగదీశ్వర్ మోకాళ్లలో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరూ ఆపలేదు. ఏడుపు దానంతట అదే తగ్గేదాకా ఆగాడు ఎల్లన్న.

తర్వాత అంగీ జేబులోంచి మడత పెట్టిన కాయితం తీసి అతని ఒళ్లో పెట్టాడు: “‘లోపల గ్యాసు లేదు, కూలోళ్లు దిగొచ్చు’ అని నిన్న రాసినోడే ఇయ్యాల దిగి సూసిండు గద, ఇప్పుడు చెప్పు కాంట్రాక్టర్ సాబ్, మాలోంచి ఎవర్ని దింపుమంటవ్?”