అరువు కాళ్ళు

"బాబాయ్, కాళ్ళు చూపించండి," అంది వీడియోలో డయాలిసిస్ నర్సమ్మ.

నిన్న దాహం ఆగక చెంబెడు నీళ్ళు తాగేశాను. వాపు కనబడితే ఇవాళే రమ్మంటుంది. మళ్ళీ ఆ సూదులు, ఆ మంచం. నావల్ల కాదు. పక్కన కునుకు తీస్తున్న మా ఆవిడ పాదాల మీదికి, మెట్టెలు కనబడకుండా, ఫోన్ తిప్పాను.

"సిగ్గులేదూ?" అని ఆవిడ గొణిగింది కానీ, కాళ్ళు ముడుచుకునే ఓపిక కూడా లేనట్టుంది.

"చీలమండ దగ్గర వేలితో నొక్కి వదలండి."

నొక్కాను. గుంట పడింది. వదిలాక కూడా పూడలేదు.

"చూశారా ఎంత వాపో! నీళ్ళు తాగారు కదూ?"

"ఎన్నాళ్ళ నుంచే ఇది?" అని ఆవిడనడిగాను.

"రోజంతా నిలబడితే ఆమాత్రం ఉబ్బవా? ముందు మీ సంగతి చూడనివ్వండి."

"అమ్మా, ఇవి నా కాళ్ళు కావు," అన్నాను ఫోన్లో.

నర్సమ్మ పకపకా నవ్వింది. "చాల్లెండి బాబాయ్! మొన్న బరువు చూసుకోమంటే తూకం మీద దిండు పెట్టారు. ఇవాళ కాళ్ళు అరువు తెచ్చారా?"

ఫోన్ పైకెత్తి, మా ఆవిడ ఉబ్బిన మొహం చూపించాను.

నర్సమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఇద్దరూ రండి," అంది.