ఎక్కే చోటు

"గాల్లో ఎవరైనా ఎక్కుతారా సార్?"

తరగతంతా ఘొల్లుమంది. లెక్కల మాస్టారి చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది. అప్పుడే ఆయన ఆ అడిగిన పిల్ల జవాబు పత్రంలో అయిదు మార్కుల ప్రశ్నకి గుండ్రంగా సున్నా చుట్టారు.

ప్రశ్న చిన్నదే. జెయింట్ వీల్ ఇరుసు నేలకి పన్నెండు మీటర్ల ఎత్తున ఉంది. చక్రం వ్యాసార్ధం పది మీటర్లు. నలభై సెకన్లకొక చుట్టు. ఎక్కిన క్షణం నుంచి మనిషి ఎంత ఎత్తులో ఉంటాడో గ్రాఫ్ గీయాలి. పుస్తకం వెనక జవాబుల్లో ఉన్నది సైను గీత. పన్నెండు దగ్గర మొదలై పైకి పోతుంది. ఈ పిల్ల రెండు దగ్గర మొదలుపెట్టింది.

"కొసైను పైనుంచి మొదలవుతుంది సార్. దాన్ని తలకిందులు చేసి, పన్నెండు పైకి జరిపాను. మనిషి ఎక్కేది కిందే కదా! పుస్తకంలో గీతని పది సెకన్లు కుడికి జరపండి, అచ్చం నాదే అవుతుంది."

"పుస్తకం రాసినవాళ్ళకి తెలీదు, నీకు తెలుసు! గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట."

"పన్నెండు మీటర్లంటే నాలుగంతస్తుల మేడ సార్. అంతెత్తున పెట్టెలో ఎలా కూర్చుంటాడు? నిచ్చెనేసుకునా?"

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వులే కొంప ముంచాయి. ప్రశ్న సంగతి వదిలేసి మాస్టారు పరువు సంగతి పట్టుకున్నారు.

"తప్పయింది, క్షమించండి అని ఉత్తరం రాసివ్వు. లేదంటే నీ హాల్ టికెట్ నా సొరుగులోనే ఉంటుంది. పరీక్ష ఎల్లుండి. ఆ తర్వాత నీ ఇష్టం."

"రాయను సార్."

"అయితే మీ అమ్మని రమ్మను."

మధ్యాహ్నానికి తల్లి వచ్చింది. బడి రికార్డులో ఆవిడ పేరు పక్కన 'ఎగ్జిబిషన్‌లో ఉద్యోగం' అని ఉంది. టికెట్లు చింపే పని కాబోలు అనుకున్నారు మాస్టారు. ఆవిడ గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు ఆయన చూడలేదు. చూసే అలవాటే ఉంటే ఇంత గొడవే లేకపోను.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా అమ్మా? ఇప్పుడే వంచండి" అన్నారు.

తల్లి ప్రశ్న చదివింది. రెండు గీతలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మాస్టారూ, మీ పుస్తకం ప్రకారం మనిషి ఎక్కేదెక్కడ? కాస్త వేలు పెట్టి చూపించండి."

ఆయన పన్నెండు మీద వేలు పెట్టారు.

"సరిగ్గా ఇక్కడేనా?"

"సరిగ్గా ఇక్కడే."

"మరి దిగేదో?"

"ఎక్కినచోటే దిగుతారమ్మా, ఎవరైనా."

"అలాగైతే తప్పు మా పిల్లదే" అంది తల్లి.

"అమ్మా!"

సున్నా పడినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది పిల్లకి. ఊరంతా ఒకవైపున్నా తట్టుకునేది. అమ్మ కూడా అటే వెళ్ళిపోతే ఇంకెవరితో చెప్పుకోవాలి?

"నువ్వు నోరు ముయ్యి" అని తల్లి మాస్టారి వైపు తిరిగింది. "రేపు పొద్దున్నకి మీ బల్ల మీద క్షమాపణ ఉత్తరం ఉంటుంది, నాది పూచీ. కాకపోతే దీనికి చెబితే తలకెక్కదు, కళ్ళారా చూడాలి. నాలుగింటికి ఎగ్జిబిషన్‌కి రండి. గేట్లు తెరవకముందు అక్కడి జెయింట్ వీల్ ఖాళీగానే ఉంటుంది. మీరే స్వయంగా చూపిద్దురు గాని."

మాస్టారు పొంగిపోయారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఒకరు ఒప్పుకోవడమే కాక, వచ్చి ఆ కాళ్ళు లెక్కపెట్టి చూపించమంటే ఎవరు మానుకుంటారు?

నాలుగు కొట్టేసరికి పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చేశారు. దుకాణాల మీద ఇంకా పట్టాలు కప్పే ఉన్నాయి. పిల్ల ఇనుప కంచె దగ్గర మూతి ముడుచుకుని నిలబడింది.

"కూర్చోండి మాస్టారూ."

ఆయన రెండు చెక్కమెట్లెక్కి, అన్నిటికన్నా కిందున్న పెట్టెలో దర్జాగా కూర్చున్నారు. తాను ఎక్కింది ఎక్కడో ఆయనకి తట్టనే లేదు. తల్లి అడ్డకడ్డీ బిగించి, రెండుసార్లు లాగి చూసి, పక్కనున్న రేకుల గదిలోకి వెళ్ళింది. చక్రం తిప్పేవాడు ఏడీ అని మాస్టారు అటూ ఇటూ చూశారు. ఎవడూ లేడు. ఆవిడే లివర్ పట్టుకుంది.

చక్రం కదిలింది.

"ఒకటి, రెండు, మూడు..." పైకే లెక్కపెడుతోంది తల్లి. ఏడు దగ్గర పిల్ల తలెత్తింది. ఎనిమిదికి ముడిచిన మూతి విడింది. పదికి తల్లి లివర్ వెనక్కి లాగింది. పెట్టె ఒక ఊపు ఊగి, సరిగ్గా ఇరుసంత ఎత్తున ఆగింది.

"ఏమైందమ్మా? చెడిపోయిందా?"

"లేదు మాస్టారూ, వచ్చేశాం. పన్నెండు మీటర్లు. దిగండి."

"ఇక్కడా?"

"ఎక్కినచోటే దిగుతారన్నారు కదా. వేలు పెట్టి మరీ చూపించారు."

మాస్టారు కిందికి చూశారు. చెక్కమెట్లు అగ్గిపెట్టెంత కనిపించాయి. పుస్తకాన్ని రెండు చేతులా గుండెకి హత్తుకున్నారు.

"బుద్ధుందా మీకు? గాల్లో ఎవరైనా దిగుతారా?"

పిల్ల ఫక్కున నవ్వింది. తల్లి మాత్రం నవ్వలేదు. లివర్ మీంచి చెయ్యి తియ్యలేదు కూడా.

"జేబులో ఎర్ర పెన్నుంది, చేతిలో పుస్తకముంది. ఆ ముక్కే రాసి, కింద సంతకం పెట్టండి మాస్టారూ. రేపు పొద్దున్నకి మీ బల్ల మీద క్షమాపణ ఉత్తరం ఉంటుందన్నాను గాని, రాసేది మా పిల్లేనని అన్నానా?"