ఎవరూ నడవని సందు

గొడుగు చంకన పెట్టుకున్న ఆ పెద్దాయన మళ్ళీ వచ్చి కుట్టుషాపు మెట్టు మీద కూర్చున్నాడు.

షాపు నడిపే ఆమె మిషను తొక్కడం ఆపింది.

పట్నం ఊరి పొలిమేర దాకా వచ్చేసింది. ఊరిని బాగుచేయడానికి కొత్త ప్లాను గీస్తున్నారని తెలిసిన నాటి నుంచి, తెలియని మొహం కనిపిస్తే చాలు, అందరికీ గుండె దడ.

"ప్లాను పని మీద వచ్చాడట వదినా. మన మంచికేనట!" పాలు పోసే మరిది గొంతు తగ్గించి అన్నాడు. "మంచి చేస్తానని వచ్చినవాడే ముంచి పోతాడు. ఏమడిగినా, ఈ సందులో ఎవరూ నడవరని చెప్పు."

"అదేమిటి? బస్సుకి పోయేవాళ్ళంతా ఇటేగా పోయేది!"

"పక్క ఊళ్ళో అలా అన్నందుకే సందుని రోడ్డు చేశారు. ఇళ్ళ ముందు గదులన్నీ గొరిగేశారు. నీకున్నదే ఒక్క గది."

ఆమెకి ఇక వేరే చెప్పక్కర్లేకపోయింది. భర్త పోయాక అన్నం పెడుతున్నది ఆ గదే.

అప్పటికే వీధి వీధంతా ఆ మాట మీద నిలబడి ఉంది.

"ఈ దారిన ఎవరెవరు వెళ్తారమ్మా?" పెద్దాయన అడిగాడు.

"ఎవరూ వెళ్ళరండీ. కుక్క కూడా రాదు."

అంతలో బట్టల సంచితో ఆసుపత్రి నర్సు సందులోకి తిరిగింది. షాపామె అటు కళ్ళురిమి చూసింది. నర్సు గిరుక్కున వెనక్కి తిరిగిపోయింది.

"మరి ఆవిడ?"

"దారి తప్పినట్టుంది."

"మీకు బేరాలెలా వస్తాయి?"

"ఏదో, దేవుడి దయ."

పెద్దాయన నవ్వలేదు. "ఒక్కరైనా ఇటు నడుస్తామని చెబితే చాలమ్మా. మీరు చెప్పినా సరే."

తేనె పూసిన కత్తి, అనుకుంది.

"నేను షాపు కదలను" అంది.

చొక్కాకి ఊడబోతున్న గుండీ చూపించి, కుట్టిపెట్టమన్నాడు.

"దారం అయిపోయిందండీ."

ఆమె వెనక అర నిండా రంగురంగుల దారపు ఉండలు.

ఆయన లేచి, సందు చివరి దాకా ఒకసారి చూసి, వెళ్ళిపోయాడు.

"గెలిచాం వదినా!" అన్నాడు మరిది.

వానలు వెనకబట్టాక ఒక ఇంజినీరు వచ్చి, సందు మొదట్లో సున్నంతో అడ్డంగా గీత గీయించాడు.

"రోడ్డు వేస్తారా బాబూ?" ఆమె భయపడుతూ అడిగింది.

"రోడ్డెక్కడిదమ్మా, సందే ఉండదు. ఇక్కడ గోడ లేస్తుంది. అవతలంతా కొత్త కాలనీ."

"గోడా! బస్సుకి పోయే జనం ఎటు పోవాలి? నా షాపుకి ఎవరొస్తారు?"

"ఇటు ఎవరూ నడవరని వీధంతా చెప్పారుగా?"

"మమ్మల్ని కూల్చడానికి వచ్చినవాడితో అన్న మాట బాబూ అది!"

ఇంజినీరు చేతిలో టేపు ఆగింది.

"కూల్చడానికా? అది జనం నడిచే దారి, మూయొద్దని ఆఫీసులో అందరితో పోట్లాడి, తన మాట చాలదంటే మీ మాట కోసం సెలవు పెట్టుకుని వచ్చిన మనిషమ్మా ఆయన."