రివ్యూ రాయని మనిషి

“అమ్మా, ఈ గది ఖాళీ చెయ్యాలి.”

సంచీలోంచి చీర తీసి మంచం మీద పెడుతున్న పెద్దావిడ తలెత్తి చూసింది.

“ఇప్పుడేగా బాబూ, నువ్వే ఇచ్చావు!”

“ఇచ్చాను. కానీ కింద ముఖ్యమైనవాళ్ళు దిగారు.”

లాడ్జి యజమాని ఒక కాలు గదిలో, ఒక కాలు వరండాలో పెట్టి నిలబడ్డాడు. చెవులు రెండూ మెట్ల వైపే ఉన్నాయి.

“పోనీ, ఒక్క మాట. మీ దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉందా?”

ఆవిడ బటన్ల ఫోన్ చూపించింది.

“దీంట్లో రివ్యూ రాయడం కుదరదు కదా,” అన్నాడతను, నేరం రుజువైనట్టు.

“కుదరదు.”

“మరి! వంటింటి పక్కన చిన్న గది ఉంది. అందులో సర్దుకోండి.”

ఆవిడ చీర మళ్ళీ సంచీలో పెట్టుకుని లేచింది.

అతని కంగారుకి కారణం ఉంది. అక్కా తమ్ముడూ కలిసి, ఉన్నదంతా ఊడ్చి పెట్టి, ఈ కొండ ఊళ్ళో లాడ్జి తీసుకుని ఏడాది కాలేదు. ఫోన్లో లాడ్జి పేరు పక్కన మూడున్నర స్టార్లే ఉన్నాయి. టూరిస్టు బస్సులు నడిపే ఆయన నిన్ననే తేల్చేశాడు.

“ఈ వారంలో నాలుగు దాటకపోతే మావాళ్ళని వేరేచోట దింపుతాం. జనం నీ మొహం చూసి రారయ్యా, స్టార్లు చూసి వస్తారు.”

బస్సు రాకపోతే లాడ్జికి తాళమే.

కింద దిగినవాళ్ళు భార్యాభర్తలు. భుజాన పాప, మెడలో కెమెరా. వాళ్ళు ఎక్కడ తిన్నా, ఎక్కడ పడుకున్నా లక్షమంది ఫోన్లో చూస్తారు.

“కాఫీ బాగుందా సార్? బాగుంటే ఫోన్లో ఒక్క ముక్క...”

“ముందు తాగనివ్వవయ్యా బాబూ!” అన్నాడు భర్త.

అతను కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఫోన్ తీశాడు. మూడున్నర. జేబులో పెట్టాడు. మళ్ళీ తీశాడు.

“దాన్నలా తోముతూ కూర్చుంటే స్టార్లు రాలతాయిట్రా?” అంది అక్క వంటింట్లోంచి.

“నీకేం, నువ్వు గిన్నెలు తోముతావు.”

“అవి తెల్లగానైనా అవుతాయి.”

మర్నాడు పొద్దున్న అక్కా తమ్ముడూ ఇంటినుంచి వచ్చేసరికి వంటింటి వెనక తీగ మీద దుప్పట్లు ఆరుతున్నాయి. పొయ్యి మీద గిన్నె ఇంకా వెచ్చగా ఉంది.

అక్క మూతి విరిచింది. “నీ బటన్ల ఫోనావిడ పక్క తడిపినట్టుందిరా. పైగా వంటిల్లు కూడా వాడేసుకుంది.”

అతనికి ఒళ్ళు మండింది. పై గదివాళ్ళు లేచి ఈ సంబడం చూస్తే ఉన్న స్టార్లు కూడా ఊడతాయి.

“ఏంటమ్మా ఇది? చెప్పాపెట్టకుండా వంటింట్లోకి వెళ్ళడానికి ఇదేమైనా సత్రమా?”

పెద్దావిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పై గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఆరిపోతాయిలే బాబూ. కేకలెయ్యకు, వాళ్ళు పడుకున్నారు.”

“ఆ సంగతి నాకు తెలుసు. మీరు ముందు బయల్దేరండి.”

ఆవిడ బయల్దేరింది.

మధ్యాహ్నం భార్యాభర్తలు కారెక్కారు. అతను అద్దం దగ్గర వంగి మళ్ళీ అడగబోయాడు. కారు కదిలిపోయింది.

అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాడు. ఎడమచేతిలో ఫోన్ టింగుమంది.

“అక్కా! అయిదు! అయిదు స్టార్లిచ్చారు!”

“చదువు, చదువు.”

“గది ఇరుకు. వేడినీళ్ళు రావు. కౌంటర్లో అబ్బాయి ఊపిరి తీసుకోనివ్వడు...”

“నిజమే కదరా. తర్వాత?”

“రాత్రి మా పాపకి ఆగని వాంతులు. కౌంటర్లో ఎవరూ లేరు. వంటింటి పక్క గది తలుపు కొడితే యజమాని తల్లి లేచొచ్చారు. నీళ్ళు కాచి, ఉప్పూ పంచదారా కలిపి, తెల్లవార్లూ చెంచాతో పట్టారు. పాడైన దుప్పట్లు ఉతికి ఆరేశారు. మేం సిగ్గుపడుతుంటే, ‘ఎవరితోనూ అనను, పడుకోండి’ అన్నారు. ఆ అమ్మ కోసం వెళ్ళండి.”

అక్క చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

ఇంతలో ఫోన్ మోగింది. బస్సులాయన.

“చూశానయ్యా! స్టార్ల లెక్క తర్వాత, ఎల్లుండి బస్సు మీకే. మావాళ్ళందరూ అమ్మగారి గురించే అడుగుతున్నారు. ఉంటారుగా?”

“ఉం... ఉంటారు.”

ఫోన్ పెట్టేయగానే అక్క విరుచుకుపడింది. “మనమ్మ పోయి ఎన్నేళ్ళయిందిరా! ఎవర్ని చూపిస్తావు?”

“పద, బస్టాండుకి!”

చెయ్యి కడుక్కోకుండానే బండి తీశాడు. దారిపొడుగునా హారన్ కొడుతూనే ఉన్నాడు. వెనకనుంచి అక్క, “కాళ్ళు పట్టుకునైనా తీసుకురావాలి. జీతమిచ్చి అమ్మలా చూసుకుందాం,” అంటూనే ఉంది.

బస్టాండులో ఒక్క బస్సు కూడా లేదు.

టికెట్లిచ్చే పెద్దాయన అంతా విని కళ్ళజోడు తీశాడు.

“పొద్దుటి బస్సుకే వెళ్ళిపోయారు. మీ దగ్గరా దిగింది? ఆవిడకి మీరు గది అద్దెకిచ్చారా!”

“ఆవిడ మీకు తెలుసా? మళ్ళీ ఎప్పుడొస్తారు?”

“ఇంక రారు. నిన్న కొన్నవాళ్ళకి తాళాలు అప్పగించడానికి వచ్చారు.”

“దేని తాళాలు?”

“ఈ కొండమీద మొట్టమొదటి లాడ్జి ఆవిడదే నాయనా, జనం రాక మూతపడింది... దిగినవాళ్ళందరూ ‘అమ్మా’ అని కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళారే గాని, ఫోన్లో ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు.”