గుమ్మం ముందు పిల్ల

కిసుములో సరస్సు ఒడ్డున ఇంకా కట్టని భవంతికి కంప్యూటర్‌లో బొమ్మ గీస్తున్నాడు ఒడేరా. గోడలూ అద్దాలూ ఎంత నిగనిగలాడినా, మనుషులు తిరగకపోతే బొమ్మకి ప్రాణం రాదు. అందుకే పాత ఫొటోలోంచి కూతురు అవినోని కత్తిరించి గుమ్మం ముందు నిలబెట్టాడు. నాన్న వేలు అందుకోబోతున్నట్టు ఒక చెయ్యి పైకెత్తి ఉంటుంది పిల్ల. ఆ ఫొటో తీసిన వారానికే పిల్లని సరస్సు మింగేసింది.

చీకటి పడ్డాక ఆఫీసు యజమానురాలు ఫోన్ చేసింది.

"ఆ పిల్లని తీసెయ్యి ఒడేరా. తోడు లేని పిల్ల కనిపిస్తే కొనేవాళ్లకి మనసు చివుక్కుమంటుంది. ఓ కుక్కని పెట్టు, పోనీ."

ఇదివరకు అందరిలాగే ఆవిడా అతన్ని 'అవినో నాన్నా' అనే పిలిచేది.

తీసేసి, కంప్యూటర్‌ని బొమ్మ మళ్లీ తయారుచెయ్యమన్నాడు. ఖాళీ ఆఫీసులో కంప్యూటర్ ఫ్యాను చాలాసేపు రొదపెట్టి ఆగింది. తయారైన బొమ్మలో పిల్ల లేదు. దాని నీడ మాత్రం గుమ్మం ముందే, చెయ్యెత్తి నిలబడి ఉంది.

ఏదో పొరపాటనుకుని నీడ కూడా చెరిపి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే రొద, తర్వాత అదే నిశ్శబ్దం. ఈసారి చిన్న నీడ పక్కన పొడుగాటి మగమనిషి నీడ కూడా ఉంది. ఎత్తిన చెయ్యి ఇప్పుడు ఖాళీగా లేదు.

ఒడేరాకి చెరపబుద్ధి కాలేదు. అలాగే దాచేద్దామని మౌస్ వైపు చెయ్యి చాచాడు. ట్యూబ్‌లైట్ కింద బల్ల మీద మౌస్ నీడ పడింది, పక్కనున్న టీ కప్పు నీడ పడింది.

అతని చేతి నీడ పడలేదు.