చెప్పుల దగ్గరి మూడు నిమిషాలు

"ఆశీర్వాదం అయినంక ఉన్నదంత కొయ్యి బిడ్డా. చర్చి పరువు పోతుంది," అన్నాడు ప్రేమ్‌చంద్.

ఆయన నస్పూర్ చర్చి కార్యదర్శి; ఆరాధనలో ప్రకటనలు చదివేదీ ఆయనే. చర్చి వెబ్‌సైట్‌లో ఆదివారం ఆరాధన వీడియోలు చూపించే ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రామ్ రాసింది బ్లెస్సీ. ప్రతి వీడియో చివర మూడు నిమిషాలు జనం చెప్పులు వెతుక్కుంటూ, కూరల ధరలు మాట్లాడుకుంటూ కనిపిస్తారు.

"ఒక్క లైను రాస్తే అన్నిట్ల పోతది అంకుల్. కానీ గా ముక్కనే ఎక్కువ చూస్తుండ్రు. పోయిన వారం నలభై సార్లు."

"గంత మందా?"

"ఒక్కలే. వీడియో తెరవాలంటే పేరు కొట్టాలె గద. సత్తవ్వ పెద్దమ్మ."

సత్తవ్వ తుంటి విరిగి ఎనిమిది నెలలుగా మంచం మీదే ఉంది. ప్రేమ్‌చంద్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"దేవుని వాక్యం వినదా?"

"ఒకసారి వింటది. గిది మళ్ల మళ్ల పెట్టుకుంటది. ఎవలొచ్చిండ్రు, ఎవలు ఎవలతోని మాట్లాడుతుండ్రు, అన్నీ గిండ్లనే తెలుస్తయి."

"మరి నా ప్రకటనలు?"

"ముందటికి జరుపుతది అంకుల్. అందరు జరుపుతుండ్రు."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

"అయితే గవి కొయ్యి. చెప్పులది ఉండనీ."

తర్వాతి ఆదివారం ఆశీర్వాదం కాగానే ప్రేమ్‌చంద్ చెప్పులేసుకుని నేరుగా కెమెరా ముందుకొచ్చాడు. ప్రకటనలు చదివే గొంతుతోనే చెప్పాడు:

"సత్తవ్వక్కా, అబ్రహాం కోడలు తల్లిగారింటికి పోయింది. గందుకే రాలే. పరేషాన్ కాకు."