టేక్‌తో వచ్చే మాటలు

"ద ప్లేన్ విల్ టేకవే ఎట్ సిక్స్!"

వెనక బెంచీలోంచి అనంతరామయ్య గొంతెత్తి చెప్పాడు. క్లాసంతా గొల్లుమంది.

"ఏం తాతా, విమానాన్ని పార్శిల్ కట్టించుకొని పోతావా?" నవ్వు ఆపుకోలేక అంది జనని. "టేకవే కాదు, టేక్ ఆఫ్. ద ప్లేన్ విల్ టేక్ ఆఫ్!"

"అట్లనా తల్లీ! ఈ టేక్ ఒకటి నా ప్రాణం తీస్తా ఉండాది," అని పెద్దాయన నెత్తి గోక్కున్నాడు.

బోర్డు దగ్గర గురుప్రసాద్ పళ్లు నూరుకున్నాడు.

చింతాద్రిపేటలో మోటారు పంపుల కొట్టు పైన మేడగదిలో అతని స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు. ఆ వారమంతా టేక్‌కు తోకలు తగిలిస్తే పుట్టే మాటలు చెబుతున్నాడు. టేక్ ఆఫ్, టేక్ కేర్, టేక్ ఓవర్, టేక్ ప్లేస్. వినడానికి చిన్న మాటలే గానీ ఎక్కడ ఏది వాడాలో తెలియక పిల్లలు తలలు పట్టుకుంటున్నారు.

ఈ పెద్దాయన తమిళుల ఆడి నెలలో వచ్చి చేరాడు. ఎవరో ఏమిటో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ప్రశ్న పడీ పడగానే మొదట లేచేది ఆయన చెయ్యే. ఏ ఒక్క రోజూ సరిగ్గా చెప్పి ఎరగడు. ఆయన తప్పు చెప్పడం, పిల్లలు ఎగబడి దిద్దడం రోజూ ఉండే తంతే.

శుక్రవారం ఎయిర్‌పోర్టు పక్కనున్న పెద్ద హోటల్ నుంచి ఒక మేడమ్ వస్తోంది. క్లాసులో కూర్చొని వింటుంది. బాగా మాట్లాడినవాళ్లకు రిసెప్షన్‌లో ఉద్యోగం. జనని వాళ్ల నాన్న ఆటో నడిపి నడిపి నడుం విరిగి మంచాన పడ్డాడు. ఆ పిల్లకైనా ఉద్యోగం వస్తే చాలని గురుప్రసాద్ దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

క్లాసయ్యాక అనంతరామయ్యను మెట్ల దగ్గర ఆపాడు.

"అయ్యా, తప్పుగా అనుకోవద్దు. శుక్రవారం మీరు రావద్దు."

"ఎందుకు నాయనా?"

"పిల్లోళ్ల బతుకు విషయమయ్యా. ఆ మేడమ్ ముందర మీరు నోరు తెరిస్తే నా క్లాసు పరువు పోతాది."

పెద్దాయన ఒక వేలెత్తి చూపించాడు.

"ఒక్క ప్రశ్నకే చెప్తాను. మొదటిదానికి మాత్రం. ఆ పైన నోరు మూసుకొని ఉంటాను," అన్నాడు బతిమాలుతున్నట్టుగా.

"ఆ మొదటిదే వద్దంటా ఉండాను!"

ఆయన గోడ పట్టుకొని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

శుక్రవారం మేడమ్ వచ్చి నవ్వుతూ కూర్చుంది. గురుప్రసాద్ కావాలనే తేలికైన ప్రశ్న వేశాడు.

"టేక్ కేర్‌తో ఎవరైనా ఒక వాక్యం చెప్పండి."

ఒక్కరూ కదల్లేదు.

ఇంకోటి అడిగాడు. అంతా నేల చూపులు చూస్తున్నారు. జనని వెనక బెంచీ వైపు తిరిగి చూసింది. అది ఖాళీగా ఉంది.

మేడమే జననిని లేపి మెల్లగా అడిగింది. ఆ పిల్ల లేచి నిలబడింది. మాట బయటికి రాలేదు. అలాగే కూర్చుండిపోయింది.

"పిల్లలు బాగా బెదిరిపోతున్నారండీ. ఇంకోసారి చూద్దాం," అని మేడమ్ లేచి వెళ్లిపోయింది.

గురుప్రసాద్ జనని మీద విరుచుకుపడ్డాడు.

"నిన్నటిదాకా గడగడా వాగినావు కదే! ఈరోజు ఏమొచ్చింది నీకు?"

జనని వెక్కి వెక్కి ఏడ్చింది.

"తాత ముందుగా చెప్పేస్తే నాకు భయం ఉండదు సార్. ఆయన కంటే తప్పుగా ఎవురు చెప్పగలరు? నేను చెప్పింది తప్పైనా పరవాలేదనిపిస్తాది."

తన చేతులతో తానే క్లాసు నోరు నొక్కేశానని గురుప్రసాద్‌కు అప్పటికి తెలిసింది.

వెంటనే వెళ్లి పిలుచుకు రావాలనుకున్నాడు. పొమ్మన్న నోటితో రమ్మనడానికి మొహం చెల్లలేదు. రేపు, మాపు అని మూడు వారాలు నాన్చాడు. ఆ తర్వాత క్లాసులో నవ్వూ లేదు, మాటా లేదు. ఇక తప్పదని అడ్రసు కనుక్కొని చూలైలో ఆయన ఇంటికి వెళ్లాడు.

ఆయన భార్య వరదలక్ష్మి తలుపు తీసింది. క్లాసు సార్‌నని చెప్పి పెద్దాయన కోసం అడిగాడు.

"ఆయన పోయినారు నాయనా. నిన్ననే పెద్దకర్మ అయింది," అంది. "గుండె నొప్పని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయినారు."

గురుప్రసాద్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. కళ్లు చెమర్చాయి.

"మళ్లీ క్లాసుకు రమ్మని అడిగేదానికి వచ్చినానమ్మా. ఎన్ని తప్పులు చెప్పినా సరే, రమ్మని..."

"ఆ తప్పులకే కదా నాయనా ఆయన పడిన పాట్లు," అంది ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "హైస్కూల్లో జన్మంతా ఇంగ్లీషు చెప్పిన మనిషి కదా, తప్పుగా మాట్లాడేదానికి నాలుక తిరగక, పిల్లోళ్లకు బెదురు పోవాలని, మీ క్లాసుకు బయల్దేరే ముందర రోజూ ఆ అద్దం కాడ నిలబడి ప్రాక్టీసు చేసేవారు."